మందు ఉంది, అందింది ఎవరికి?

సంపాదకుడు గారికి,

పేద దేశాల కష్టాల ప్రస్తావన వస్తే చాలు, "వాళ్ల దగ్గర ఏమీ లేదు, ఎవరేం చేస్తారు" అని తేల్చేయడం మామూలైపోయింది. ఎందుకు లేదని మాత్రం అడగం.

ఎయిడ్స్ సంగతే చూడండి. మూడు మందులు కలిపి వాడితే రోగి బతుకుతాడని 1996 నాటికే తేలింది. సంపన్న దేశాల్లో చావులు గబగబా తగ్గాయి. జబ్బు ఎక్కువగా ఉన్న ఆఫ్రికాలో జనం పోతూనే ఉన్నారు. ఒక్క మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యే వైద్యం వాళ్లు ఎక్కడ కొనగలరు? చవకగా మందులు తెప్పించుకుందామని దక్షిణాఫ్రికా చట్టం చేసుకుంటే, మందుల కంపెనీలు దాని మీద కోర్టుకెక్కాయి. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా అదే వైద్యాన్ని స్వచ్ఛంద వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది. నలుదిక్కులా తిట్లు పడ్డాక ఆ ఏప్రిల్‌లోనే కంపెనీలు కేసు వెనక్కి తీసుకున్నాయి. మందు అదే, మారింది ధర ఒక్కటే. ఆ మధ్య ఏళ్లలో పోయినవాళ్లను మందు లేక పోయారని ఎలా అంటాం?

అక్కడి పాలకుల అవినీతి సంగతేమిటని కొందరు అడుగుతారు. అదీ ఉంది, కాదనను. కానీ కోవిడ్ టీకాల పంపకం వాళ్ల చేతిలో లేదు కదా! 2021 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ చెప్పిన లెక్క ఇది: 49 సంపన్న దేశాల్లో 3.9 కోట్ల డోసులు వేశారు, ఒక నిరుపేద దేశంలో 25. పాతిక వేలు కాదు, అక్షరాలా పాతిక. వేరేవాళ్లు తయారు చేయకుండా కంపెనీలకున్న పేటెంట్ హక్కులు సడలించమని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులోనే అడిగాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో, అదీ టీకాల వరకే, కొంత ఒప్పుకుంది. అప్పటికి ఎవరికి కావాలి?

2025 మేలో మహమ్మారుల ఒప్పందానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల ఆమోదం దొరికింది. ఈసారి మహమ్మారి వస్తే, ఈ ఏర్పాటులో చేరిన కంపెనీలు తయారుచేసే టీకాల్లో, మందుల్లో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందాలని, ఆ 20 శాతంలో కనీసం సగం ఉచితంగా ఇవ్వాలని ఒప్పందంలో లక్ష్యం పెట్టుకున్నారు. అయితే వైరస్ నమూనాలు ఎవరు ఇవ్వాలి, వాటి వల్ల వచ్చే లాభంలో ఎవరికెంత వాటా అన్న అసలు విషయాన్ని తర్వాత రాసుకునే అనుబంధానికి వదిలేశారు. అది ఖరారైతేగానీ ఒప్పందం సంతకాలకు రాదు. నమూనా మాత్రం వెంటనే పంపమంటారు, టీకా దగ్గరికొచ్చేసరికి బేరాలు మొదలు!

ఆ బేరాల్లో ఏ దేశం ఏ వైపు నిలబడిందో మీ పత్రిక పేర్లతో సహా రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు