ఊళ్లో తిప్పుతానని చెప్పి కొన్న డీజిల్ కారు, వారంటీ తిరస్కరణ: ఫిర్యాదు

శ్రీకాకుళం

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,
కార్ల తయారీ సంస్థ ప్రధాన కార్యాలయం

విషయం: డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే వడపోత) మరమ్మతుకు వారంటీ వర్తించదంటూ వసూలు చేసిన రూ. 38,600 తిరిగి చెల్లించడం గురించి.

ఆర్యా,

మీ విశాఖపట్నం డీలరు దగ్గర నేను కొన్న డీజిల్ ఎస్‌యూవీలో డీపీఎఫ్ మసితో మూసుకుపోయింది. వారంటీ గడువు ఇంకా ఉంది. అయినా సర్వీసు సెంటరు వారు మరమ్మతు ఖర్చంతా నా చేత కట్టించుకుని, జాబ్ కార్డు (మరమ్మతు వివరాలు రాసే పత్రం) మీద ‘వినియోగదారుడు నడిపే తీరు వల్ల’ అని రాశారు. నా అభ్యంతరమంతా ఆ ఒక్క ముక్క మీదే.

నేను బండి ఎలా నడుపుతానో మీకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. బుక్ చేసిన రోజున మీ సేల్స్ ప్రతినిధి నా ఎదుట కూర్చుని ట్యాబ్‌లో ఒక ఫారం నింపారు. ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు, రోజుకు ఎంత తిరుగుతారు అని అడిగారు. బలగలో ఇల్లు, జీటీ రోడ్డులో బట్టల దుకాణం అని చెప్పాను. పొద్దున దుకాణానికి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, మళ్లీ దుకాణానికి, రాత్రి తిరిగి ఇంటికి. అంతా కలిపినా పది కిలోమీటర్లు దాటదని, విశాఖ రావడం ఎప్పుడో నెలకో రెండు నెలలకో అని కూడా చెప్పాను. ఆయన అంతా ఓపిగ్గా రాసుకుని, ‘‘మీకు డీజిలే సరైనది సార్, లాగుడు బాగుంటుంది’’ అన్నారు. అదే మోడల్లో పెట్రోలు బండి పక్కనే మెరుస్తూ నిలబడి ఉంది. దాని మీద నాకు అయిష్టమేమీ లేదు. ఆ ఫారం ప్రతి ఆ రోజే నా ఈ-మెయిల్‌కు వచ్చింది.

కారు మీద నాకు కోపం లేదు, అదీ చెప్పాలి. రోహిణి కార్తెలో దుకాణం ముందు ఎండలో మాడిన బండి ఎక్కి కూర్చుంటే, సీటులోంచి చల్లగాలి వీపుకు తగిలే సుఖం అనుభవించినవారికే తెలుస్తుంది. రాత్రిపూట విశాఖ నుంచి వస్తుంటే పైడిభీమవరం దగ్గర అవతలి వైపు లారీల వరుస ఎంత పొడవున ఉన్నా, మీ హెడ్‌లైట్లు వాటి మీద పడే వెలుగును మాత్రమే కత్తిరించి, నా వైపు రోడ్డు అంచును పట్టపగలులా చూపిస్తాయి. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఆటో ఎక్కలేదు. ఈ కారు వెనక సీటు ఎత్తు ఆమెకు కొలిచి చేయించినట్టు సరిపోయింది. అరసవల్లి ఎప్పుడు, శ్రీకూర్మం ఎప్పుడు అని ఇప్పుడు ఆమే అడుగుతుంది.

చికాకులు లేవా అంటే ఉన్నాయి. ఏసీ గాలిని పాదాల వైపు మళ్లించాలంటే రోడ్డు మీది చూపు తెర మీదికి మళ్లించాలి. నోటితో చెప్పమని కారే అడుగుతుంది, తీరా ‘నరసన్నపేట’ అంటే అయోమయంలో పడుతుంది. పల్లె దారిలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే ఏదో ఉపద్రవం ముంచుకొచ్చినట్టు గోల పెడుతుంది. వీటికి అలవాటు పడ్డాను, వీటి కోసం ఉత్తరం రాసేవాడిని కాను.

డీపీఎఫ్ సంగతి వేరు. మీ ఇంజినీర్లకు తెలిసిందే, కానీ జాబ్ కార్డు రాసినవారు మరిచినట్టున్నారు కనుక చెబుతున్నాను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిల్ కార్లకు ఈ వడపోత మామూలైంది. పొగలోని మసిని ఇది పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని కాల్చేయాలి, అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఒకే వేగంతో కాసేపు సాగితే ఆ పని తేలికగా జరుగుతుంది. ఊళ్లో పొగగొట్టం అంత వేడెక్కదు కాబట్టి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి వేడి పుట్టించాలని చూస్తుంది. అది పూర్తికాకముందే దుకాణం వచ్చేస్తుంది, నేను బండి ఆపేస్తాను. మసి కాలదు, చిమ్మిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది.

మా వాకిట్లో జరిగింది సరిగ్గా ఇదే. రాత్రి ఇంటికి వచ్చి ఇంజిన్ ఆపినా ముందు ఫ్యాన్ హోరున తిరుగుతూ ఉండేది. బండి కింద నుంచి సెగ, మాడు వాసన. ఏదో అంటుకుందేమోనని పక్కింటివారు గోడ మీదుగా తొంగిచూసేవారు. కొన్నాళ్లకు ఆయిల్ మట్టం పరిమితి మించిందని తెర మీద సందేశం వచ్చింది. మా ఊరి మెకానిక్ పాత డీజిల్ జీపులతో తల నెరిసిన మనిషి. ఆయిల్ తగ్గడం చూశాను గాని పెరగడం ఏమిటని నవ్వి, ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూద్దామని బానెట్ ఎత్తాడు. మీ ఇంజిన్‌కు అది లేదు. బానెట్ దించేసి, విశాఖకే పట్టుకెళ్లమన్నాడు.

మీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే, హైవే మీద అరవైకి తగ్గకుండా ఇరవై నిమిషాలు నడపమన్నారు. అదీ చేశాను. దుకాణం కుర్రవాడికి గల్లా అప్పగించి, మడపాం టోలు కట్టి, నరసన్నపేట దాకా పోయి, అక్కడ పనేమీ లేక టీ తాగి వెనక్కి వచ్చాను. డీపీఎఫ్ హెచ్చరిక దీపం ఆరింది, కొద్ది రోజులకు మళ్లీ వెలిగింది. వ్యాపారం వదులుకుని వారం వారం ఇలా డీజిల్ తగలేసి రావాలన్నది మీ కారు అమ్మకపు షరతైతే, దాన్ని ధరల పట్టిక పక్కనే ముద్రించవలసింది. మీ బ్రోచరులో సన్‌రూఫ్‌కు రెండు నిండు పేజీలు ఇచ్చారు. డీపీఎఫ్ గురించిన హెచ్చరిక మాత్రం కారుతో పాటు ఇంటికి వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

చివరకు మాఘమాసంలో ఒక ఆదివారం అరసవల్లి దారిలో, దర్శనానికి వచ్చిన జనం మధ్య, ఇంజిన్ చతికిలపడింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి పాకుతోంది, వెనక హారన్ల మోత. అమ్మను దించి, ఇద్దరం పట్టుకుని ఆటో ఎక్కించాం. ఏ ఆటో ఎక్కలేకనే ఇంత డబ్బు పోసి కారు కొన్నామో, పండుగ లాంటి రోజున ఆ ఆటోలోనే ఆమె ఇల్లు చేరింది. మీ సహాయక వాహనం నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ నుంచి వచ్చింది. దాని డ్రైవరు భోజనం కూడా చేయకుండా, గీత పడకుండా కారును ఎక్కించుకున్నాడు. ఆయన గురించి ఒక మంచి మాట మీ రికార్డుల్లో రాసుకోండి.

సర్వీసు సెంటరులో కంప్యూటర్ తగిలించి మసిని కాల్పించారు, ఆయిల్ మార్చారు, ఒక సెన్సర్ మార్చారు. బిల్లు ఎందుకని అడిగితే, ‘‘డీజిల్ బండిని ఊళ్లోనే తిప్పుతున్నారు కదా సార్’’ అన్నారు మేనేజరు గారు. ఊళ్లో తిప్పుతానని చెప్పే కదా కొన్నది! కింది అంతస్తులో అమ్మకానికి అడ్డురాని సంగతి, పై అంతస్తులో వారంటీకి అడ్డు ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

నా రూ. 38,600 నాకు తిరిగి ఇవ్వండి. జాబ్ కార్డు మీది ఆ ముక్క కొట్టివేయించండి. అది అలాగే ఉంటే రేపు మరో మరమ్మతుకూ అదే సాకు అవుతుంది. నా వాడకం మారదు, అంటే ఈ దీపం మళ్లీ వెలగక మానదు. కనుక వారంటీ ముగిసేదాకా డీపీఎఫ్ బాధ్యత మీదేనని రాసి ఇవ్వండి, లేదా న్యాయంగా విలువ కట్టి ఇదే మోడల్ పెట్రోలు బండికి మార్పించండి. రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. ఫోనులో క్షమాపణలు ఇప్పటికే చాలా విన్నాను. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించకపోతే అది జిల్లా కమిషన్ పరిధిలోదే, నా కారు ధర అంతకు లోపే. వాయిదాలకు శ్రీకాకుళం రావలసింది మీ వాళ్లు.

ఇట్లు,
మీ వాహన యజమాని

జతపరచినవి: బుకింగ్ నాటి ఫారం ప్రతి, జాబ్ కార్డు, బిల్లు, ఆయిల్ మట్టం సందేశం ఫొటో, నా పేరు, చిరునామా, కారు రిజిస్ట్రేషన్ వివరాలున్న పత్రం.