గుర్రానికి నాడాలు కొట్టేవాడి లైసెన్సు ఎవరైనా అడిగారా?

సంపాదకుడు గారికి,

మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, బరాత్‌లలో గుర్రాలను నిషేధించాలంటూ పత్రికలకు ఉత్తరాలు వస్తుంటాయి. నేను పెళ్ళి గుర్రం యజమానిని. అవి రాసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. బ్యాండు మోత, టపాసులు, అర్ధరాత్రి దాకా నిలబెట్టడం గురించి వాళ్ళనే మాట నిజమే. కానీ గుర్రం కాళ్ళ గురించి, ముఖ్యంగా గిట్టల గురించి, ఒక్కరూ రాయరు. నేను రాస్తున్నది దాని గురించే.

మా గుర్రం ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తింది. ముందు ఎడమ కాలి వెనక నరం (డాక్టర్లు స్నాయువు అంటారు) దెబ్బతింటే అమ్మేశారు. దళారి ద్వారా మా ఇంటికొచ్చింది. మోకాలి కింద వెనకవైపు తడిమితే విల్లులా ఉబ్బు చేతికి తగులుతుంది. నొప్పి లేదు, నడక బాగానే ఉంటుంది. ఆరో నిజాం రేసులను హైదరాబాద్‌లోని మలక్‌పేటకు తెచ్చింది 1886లో. కాలు చెడి బయటికొచ్చే గుర్రాలు అప్పటినుంచీ ఈ ఊరికి కొత్త కాదు.

అలాంటి నరం మానినా మునుపటిలా సాగదు. మచ్చ కట్టిన చోట బిగుసుకుపోయి ఉంటుంది. మళ్ళీ తెగితే ముందుగా తెగేది అక్కడే, లేదంటే దాని పక్కనే. అందుకే గిట్ట కొలత తప్పకూడదు. గిట్ట నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. నాడా (గిట్ట కింద కొట్టే ఇనప లాడం) లేని గుర్రానికి నేలే కొంత అరగదీస్తుంది. నాడా ఉంటే ఇనుము అరుగుతుంది కానీ గిట్ట అరగదు. ముందువైపు కొన సాగిపోయి, మడమ కిందికి వాలిపోతుంది. పొడుగు చెప్పులేసుకుని మెట్లెక్కినట్టు, అడుగు లేచిన ప్రతిసారీ ఆ కొన అడ్డం పడి, కాలు వెనక నరాల మీద లాగుడు పెరుగుతుంది. అయిదారు వారాలకోసారి నాడా ఊడదీసి, గిట్ట కోసి, మళ్ళీ బిగించాలి. నాడా ఇంకా అరగలేదు కదా అని మేం రెండున్నర నెలలు లాగిస్తాం. ఇది నేనూ చేశాను, దాచుకోను.

పోయిన సీజన్‌లో మా గుర్రం కుంటింది. నాల్‌బంద్‌ను, అంటే నాడాలు కొట్టేవాణ్ణి, పిలిచాను. పొడుగైన కొనను అలాగే వదిలేశాడు. తెచ్చిన నాడా చిన్నది కావడంతో, దానికి సరిపోయేలా గిట్ట గోడను ఆకురాయితో చుట్టూ రాసేశాడు. చెప్పు పట్టలేదని కాలు చెక్కడం అన్నమాట. పైగా నరానికి విశ్రాంతి అంటూ మడమ కింద తోలుముక్కలు పెట్టి ఎత్తు చేశాడు. వినడానికి సబబుగానే ఉంది, నేనూ నమ్మాను. తర్వాత ఒక పశువైద్యుడు విడమరిచి చెప్పారు: కాలి వెనక ఒకదాని మీద ఒకటి రెండు నరాలుంటాయి. మడమ ఎత్తితే లోపలిది వదులవుతుంది. పైదానికి ఆ సుఖం లేదు, ఒక్కోసారి భారం పెరుగుతుంది కూడా. రేసుగుర్రాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఆ పైదే. మా గుర్రానిదీ అదే. కొన పొట్టిగా కోసి, నాడా ముందు అంచును గుండ్రంగా మలిచి, మడమకు ఆనిక దొరికేంత పొడుగు నాడా వేయించమన్నారు. ఆయనకు విషయం తెలుసు, కానీ ఆ ఆసుపత్రిలో ఆ పని చేసే మనిషి లేడు.

ఆ నాల్‌బంద్‌ను తిట్టి లాభం లేదు. తండ్రి దగ్గర చూసి నేర్చుకున్నాడు, వేరే ఎవరూ నేర్పలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1965లోనే కేంద్రం నిబంధనలు చేసింది: లైసెన్సు లేకుండా నాడాలు కొట్టడాన్ని వృత్తిగా చేయకూడదు. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, లైసెన్సున్న నాల్‌బంద్‌ను నేను చూడలేదు. చూపించమని నన్ను అడిగినవాళ్ళూ లేరు.

అలాగని రేపే తనిఖీలు పెట్టి జరిమానాలు వేయమనడం లేదు. అలా చేస్తే ఉన్న నలుగురూ పని మానేస్తారు. ముందు నేర్పాలి. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఆ పక్కనే శివరాంపల్లి పోలీసు అకాడమీలో గుర్రాలున్నాయి, మలక్‌పేటలో రేసుకోర్సు ఉంది. ఈ పని తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, కాకపోతే గోడల లోపల ఉన్నారు. వాళ్ళతో పశుసంవర్ధక శాఖ మూడు నెలల శిక్షణ పెట్టించి, పాసైనవాళ్ళకు లైసెన్సివ్వాలి. నగరంలో కనీసం ఒక్క పశువైద్యశాలలో వారానికి ఒక రోజు నాల్‌బంద్‌ను కూర్చోబెట్టాలి. ఫీజు కడతాం, ఉచితంగా అడగడం లేదు. రేసుల నుంచి తీసేసిన గుర్రాన్ని అమ్మేటప్పుడు ఏ కాలికి ఏ దెబ్బ తగిలిందో కాగితం మీద రాసివ్వడం కూడా తప్పనిసరి చేయాలి. మాకు నోటిమాటే దక్కింది, అదీ దళారి నోటిమాట.

మా గుర్రానికి నాడాలు మార్చాల్సిన గడువు వచ్చే శనివారం. ఆ వెంటనే రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఎవరి చేత కొట్టించాలో ఇంకా తేలలేదు. తేలకపోతే అడ్వాన్సులు తిరిగిచ్చేస్తాను.

— ఒక పెళ్ళి గుర్రం యజమాని,
చంచల్‌గూడ, హైదరాబాద్