ఎపిడారస్‌లో రోగుల పేర్లు

అమ్మలూ,

నిన్న గ్రీసులోని ఎపిడారస్ చూసి వచ్చాం. నేను వాట్సాప్‌లో పెట్టిన ఫోటోల్లో నీకు థియేటరే కనిపించి ఉంటుంది. ఇక్కడికొచ్చే వాళ్ళలో చాలామంది దాన్ని చూసుకుని బస్సెక్కేస్తారు. దానికి అవతల, పైన్ చెట్ల వెనకాల, అస్క్లీపియోస్ దేవుడి గుడి ప్రాంగణం ఉంది. కర్రకి చుట్టుకున్న ఒంటి పాము బొమ్మ మీ కాలేజీలో ఎక్కడ చూసినా ఉంటుందే, ఆ కర్ర ఈ దేవుడి చేతిలోదే. ఇది వైద్యం కోసం కట్టిన గుడి. అక్కడ తిరుగుతున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు. ఫోన్లో చెబితే మధ్యలో ఎవరో పిలుస్తారు, "తర్వాత చేస్తానమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. డ్యూటీ లేనప్పుడు తీరిగ్గా చదువుకో.

మేం నాఫ్ప్లియోలో ఉన్నాం. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కణ్ణుంచి బస్సులో గంట కూడా పట్టదు. దారి పొడుగునా నారింజ తోటలు, ఆలివ్ తోటలు.

ముందు థియేటర్ సంగతి చెప్పేస్తాను. కొండవాలు మీద 55 వరుసల సున్నపురాతి మెట్లు. కింది 34 వరుసలు క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో కట్టారు. పై 21 వరుసలు క్రీ.పూ. 2వ శతాబ్దంలో కలిపారు. మొత్తం 13,000 మందికి పైనే కూర్చోవచ్చు. మీ నాన్న సంగతి తెలుసుగా! నన్ను పైకి ఎక్కమని, తను కింద గుండ్రటి అరంగం మధ్యలో ఉన్న రాయి మీద నిలబడి గొంతెత్తి పద్యం అందుకున్నారు. మైకు లేదు, పైన కప్పు లేదు. అయినా పై వరుసలో ఉన్న నాకు ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. పక్కన కూర్చున్న విదేశీయులు చప్పట్లు కొట్టారు కూడా.

గుసగుసలాడినా చివరి వరుసకి వినిపిస్తుందని గైడ్లు చెబుతుంటారు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ యూనివర్సిటీ వాళ్ళు పరికరాలు పెట్టి కొలిస్తే, గుసగుస అంత దూరం అర్థం కాదనీ, నటుడు గొంతెత్తి పలికితే మాత్రం పైదాకా తెలుస్తుందనీ తేలింది. నాకు అదే ఎక్కువ నచ్చింది. అంతకుముందు 2007లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు, ఆ మెట్ల వరుసలే జనం రొదలాంటి మంద్రస్థాయి శబ్దాల్ని అణిచేసి, గొంతుని నిలబెడతాయని లెక్కకట్టారు. ఇప్పటికీ ఎండాకాలంలో ఇక్కడ పాత గ్రీకు నాటకాలు ఆడుతున్నారు. నువ్వొచ్చినప్పుడు రాత్రి నాటకానికి టికెట్లు తీసుకుందాం.

ఇక అసలు సంగతి. థియేటర్ దిగి మ్యూజియం దాటితే ప్రాంగణం మొదలవుతుంది. జనం పెద్దగా లేరు. కీచురాళ్ళ రొద తప్ప ఏం వినపడదు. ముందుగా కనిపించేది యాత్రికుల సత్రం పునాదులు. 160 గదులట! ఎంత దూరం నుంచి ఎంతమంది వచ్చేవాళ్ళో ఆ గదుల్ని చూస్తే తెలుస్తుంది. ఇంకొంచెం నడిస్తే గుడి పునాది. దంతంతో, బంగారంతో చేసిన మూలవిగ్రహం అందులో ఉండేది. దాని పక్కనే అబటన్ అని పొడవాటి వసారా, దాదాపు 70 మీటర్లు ఉంటుంది. కొంత భాగం మళ్ళీ నిలబెట్టారు. రోగులు పడుకునే చోటు అదే.

రోగం ఉన్నవాళ్ళు ఇక్కడికొచ్చి, స్నానం చేసి, దేవుడికి ఇవ్వాల్సింది ఇచ్చి, రాత్రి ఆ వసారాలో పడుకునేవాళ్ళు. కలలో దేవుడొచ్చి చేత్తో తాకో, మందు రాసో, కత్తితో కోసో నయం చేస్తాడని నమ్మకం. లేదంటే ఏం చెయ్యాలో చెప్పి వెళ్తాడు. మనవాళ్ళు గుళ్ళో నిద్ర చేసి రావడం లేదూ, అలాగే. మీ మామయ్యకి నాలుగేళ్ళొచ్చినా మాటలు రాకపోతే మీ అమ్మమ్మ వాణ్ణి తీసుకెళ్ళి కొండమీద నిద్ర చేయించింది. ఆ చల్లటి రాతినేల, పక్కన పడుకున్న ముక్కూమొహం తెలియని వాళ్ళు, తెల్లారేసరికి ఏదో ఒకటి జరుగుతుందన్న ఆశ. అబటన్ మెట్ల దగ్గర నిలబడితే అమ్మ మొహమే కళ్ళ ముందు కదిలింది.

మ్యూజియంలో మొదటి గదిలోనే శాసనాలున్నాయి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గుడివాళ్ళు, ఎవరెవరు ఏ జబ్బుతో వచ్చారో, ఎలా నయమైందో నిలువెత్తు రాళ్ళ మీద చెక్కించి ప్రాంగణంలో పెట్టారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియాస్ అనే యాత్రికుడు వచ్చేసరికి అలాంటివి ఆరే మిగిలాయట. ఇప్పుడు దొరికిన రాళ్ళ మీద దాదాపు 70 మంది కథలున్నాయి. అక్షరాలు ఆవగింజంత సన్నగా, పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేకుండా బారుగా సాగిపోతాయి. ఒక్కొక్కటీ చదివి చెప్పేవాళ్ళుంటే పొద్దుగూకేదాకా అక్కడే ఉండేదాన్ని.

యూఫనీస్ అని ఎపిడారస్ కుర్రాడు. మూత్రంలో రాయి. రాత్రి పడుకుంటే కలలో దేవుడొచ్చి, "నీకు నయం చేస్తే నాకేమిస్తావు?" అని అడిగాడు. వాడు, "పది పాచికలిస్తా" అన్నాడు. గొర్రె మడమ ఎముకలతో ఆడుకునే పాచికలు, వాడి దగ్గరున్న ఆస్తంతా అదే కాబోలు. దేవుడు నవ్వి, సరే నయం చేస్తానన్నాడు. తెల్లారి వాడు కులాసాగా నడుచుకుంటూ బయటికొచ్చాడు.

ఇంకొకడు మాటలు రాని పిల్లాడు. వాడి పేరు చెక్కలేదు. పూజ ముగిశాక గుడి సేవకుడు తండ్రి వైపు తిరిగి, పిల్లాడికి నయమైతే ఏడాదిలోగా వచ్చి మొక్కు తీరుస్తానని మాటివ్వమన్నాడు. తండ్రి నోరు తెరిచేలోపు పిల్లాడే "మాటిస్తున్నా" అన్నాడు. తండ్రి బిత్తరపోయి మళ్ళీ అనమన్నాడు. వాడు మళ్ళీ అన్నాడు. ఇది మీ నాన్న గైడు పుస్తకంలోంచి చదివి వినిపిస్తుంటే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మీ మామయ్య మొదటి మాట కోసం అమ్మ ఎంత ఎదురుచూసిందో నేను చూశాను.

నమ్మనివాళ్ళ కథలు కూడా చెక్కారు. ఏథెన్స్ నుంచి వచ్చిన ఆంబ్రోసియాకి ఒక కన్ను కనబడదు. కలగంటే కుంటివాళ్ళూ గుడ్డివాళ్ళూ బాగైపోతారా అని ఆ రాళ్ళు చూసి నవ్వింది. రాత్రి దేవుడొచ్చి, నయం చేస్తాను గానీ నీ అజ్ఞానానికి గుర్తుగా గుడికి వెండి పందిని ఇవ్వాలన్నాడు. కన్ను కోసి, అందులో మందు పోశాడు. పొద్దునకి చూపొచ్చింది.

ఇవన్నీ జరిగాయని నేననడం లేదు, అమ్మలూ. గుడివాళ్ళు గుడి గొప్ప చెప్పుకోవడానికి రాయించినవి. వచ్చి, పడుకుని, నయం కాక వెనక్కి వెళ్ళిపోయిన వాళ్ళకి రాయి లేదు. కానీ కొన్ని వందల ఏళ్ళ తర్వాతిది, క్రీ.శ. 2వ శతాబ్దానిది, ఇంకొక శాసనం ఉంది. అది చదివితే మీ డాక్టర్లు రాసిన చీటీలాగే ఉంటుంది. ఆపెల్లాస్ అనే ఆయనకి ఎప్పుడూ అజీర్తి, ఏదో ఒక అనారోగ్యం. దేవుడు ఆయనకి చెప్పినవి ఇవీ: రొట్టె, జున్ను, ఆకుకూర తిను. మనిషి సాయం లేకుండా నీ స్నానం నువ్వే చెయ్యి. చెప్పుల్లేకుండా నడువు. పాలు ఒట్టివి తాగొద్దు, తేనె కలుపుకో. ఇక్కడికి వచ్చే దారిలోనే, అస్తమానం కోపం తెచ్చుకోవద్దని కూడా చెప్పాడట. మీ నాన్నకి బీపీ చూసిన డాక్టరు గారు చెప్పింది కూడా అదేగా.

పౌసానియాస్ రాసినదాంట్లో ఒక మాట నన్ను పట్టేసుకుంది. ఈ ప్రాంగణంలో ఎవరూ చనిపోకూడదు, ఎవరూ ప్రసవించకూడదు. అది మైల. అంచేత ప్రాణం పోయేలా ఉన్న రోగిని, నొప్పులొస్తున్న ఆడమనిషిని హద్దు దాటించి బయటికి పంపేసేవాళ్ళు. ఆరుబయట, ఎండలో వానలో పోవాల్సిందే, కనాల్సిందే. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆంటోనైనస్ అనే రోమన్ సెనేటర్ ఈ ప్రాంగణంలో చాలా కట్టించాడు. వాటితోపాటు, చనిపోయేవాళ్ళ కోసం, ప్రసవించేవాళ్ళ కోసం ఒక ఇల్లు కట్టించాడట. అన్ని వందల ఏళ్ళు ఇన్ని భవనాలు లేపారు, దంతపు విగ్రహం పెట్టారు, 160 గదుల సత్రం కట్టారు. చివరి ఘడియలో ఉన్న మనిషి తల మీద కప్పు వెయ్యాలని ఇన్నాళ్ళకి ఒకాయనకి తోచింది. నాకు ఎపిడారస్ మొత్తంలో గొప్ప పని అదే అనిపించింది.

ఆ దేవుడి కథ తెలుసా నీకు? అస్క్లీపియోస్ వైద్యంలో ఎంత ఆరితేరాడంటే చచ్చినవాళ్ళని కూడా బతికించడం మొదలుపెట్టాడు. అది కుదరదని వాళ్ళ దేవతల రాజు జ్యూస్ పిడుగు వేసి చంపేశాడు. వాళ్ళ వైద్యుల దేవుడికే ఆ గీత దాటడం కుదరలేదు. మొన్న నైట్ డ్యూటీలో ఆ పెద్దాయన పోయాక నువ్వు ఫోన్ చేసి, "ఇంకేదో చేసుంటే బతికేవాడేమో అమ్మా, నేను ఈ పనికి సరిపోను" అని ఏడ్చావు. నేనప్పుడు ఏం చెప్పాలో తెలియక తిన్నావా అని అడిగాను. ఇప్పుడు చెబుతున్నా. ఆయన పోతున్నప్పుడు నువ్వు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నానన్నావు. కొడుక్కి కబురు పెట్టించానన్నావు. ఆయన్ని హద్దు అవతలికి నెట్టలేదు నువ్వు. ఈ గుడి చాలాకాలం చెయ్యలేకపోయింది అదే.

ఇంకో మాట కూడా అన్నావు, ఓపీలో అంతమంది వస్తుంటే బెడ్ నెంబర్లే గుర్తుంటున్నాయి, పేర్లు గుర్తుండటం లేదని. నా మోకాలి ఆపరేషన్ అప్పుడు నేనున్న ఆసుపత్రిలో నన్ను అందరూ "ఆ మోకాలి కేసు" అనేవాళ్ళు. నా ముందే. రాత్రి డ్యూటీ నర్సు ఒకమ్మాయి మాత్రం వస్తూనే పేరు పెట్టి పిలిచి, పొద్దున చెప్పిన నొప్పి తగ్గిందా అని అడిగేది. డిశ్చార్జ్ అయ్యేదాకా ఆ అమ్మాయి డ్యూటీకి ఎప్పుడొస్తుందా అని గడియారం చూసుకుంటూ ఉండేదాన్ని. నీకు టైమ్ లేదని తెలుసు. అయినా కేస్‌షీట్ తెరవగానే ముందు పేరు చూడు, ఆ పేరుతో పిలువు. ఎక్కణ్ణుంచి వచ్చారని అడుగు. ఈ గుడివాళ్ళు రాళ్ళ మీద చెక్కిన కథల్లో కూడా చాలావాటికి ముందుండేవి అవే, పేరు, ఊరు, తర్వాత జబ్బు. వాళ్ళలో పాచికలు తప్ప ఏమీ లేని పిల్లాడు ఉన్నాడు, సామాను మోసే కూలివాడు ఉన్నాడు. రాజుల పేర్లు చెక్కిన రాళ్ళు ఎక్కడైనా చూస్తాం. రోగుల పేర్లు ఇంత శ్రద్ధగా చెక్కినవి నేను ఇక్కడే చూశాను.

వెళ్ళేముందు ఇంకొకటి. అదే మ్యూజియంలో ఒక అద్దాల పెట్టెలో రోమన్ల కాలం నాటి కంచు వైద్య పరికరాలున్నాయి. అంటే కలలొక్కటే కాదు, చేత్తో చేసిన వైద్యం కూడా ఇక్కడ జరిగిందన్నమాట. సన్నటి కాడలు, చివర చిన్న గరిటెలాంటివి, పట్టకార్లు. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మీ నాన్న "ఇది చెవిలో పెట్టేది" అంటారు, నేను "కాదు, పుండు శుభ్రం చేసేది" అంటాను. ఒక్కొక్కటి దగ్గరగా ఫోటో తీసి నీకు పంపాను. ఏది దేనికో చూసి రాయి. మీ నాన్నకి నువ్వు చెబితేనే నమ్మకం.

ప్రేమతో,
అమ్మ