ఆయమ్మలకు నేర్పించాకే క్లాసులోకి పంపండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు సరిగా అదుపులో ఉండవు), దాంతోపాటు అప్పుడప్పుడు ఫిట్స్. తిరుపతిలోనే ఒక బడిలో మూడో తరగతి. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం అన్నం తిన్న కాసేపటికే క్లాసులో ఫిట్స్ వచ్చాయి. ఫోన్ రాగానే పరుగెత్తాను. పిల్లాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడి చేతిలో తాళాల గుత్తి పెట్టారు. కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది. నాలుక కొరుక్కుంటాడని ఆయమ్మ పళ్ల మధ్య స్పూను దూర్చిందట. ఆమె నాకన్నా ఎక్కువ వణుకుతోంది. "నాకెవురూ చెప్పలేదు మేడం, మా ఊర్లో ఇట్లే చేస్తారు" అని ఏడ్చింది.

ఆమె మీద నాకు కోపం లేదు. వాడి చొంగ తుడిచేది, బాత్రూముకు ఎత్తుకెళ్లేది ఆమే. పనిలో చేర్చుకున్న రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది: ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, గడియారం చూడు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి. చెప్పడానికి పది నిమిషాలు పట్టదు.

పది నిమిషాల్లో రానివి కూడా ఉన్నాయి. ఇలాంటి పిల్లలకు వెనక్కి వాల్చి సాంబారన్నం పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద పెట్టాలి. ఇక మా వాడి నోట్‌బుక్ చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. ఇంట్లో పలక ఇస్తే తన పేరులో మొదటి అక్షరం కూడా రాయలేడు. పేజీ నిండాలని ఆయమ్మే చేయి పట్టుకుని రాయించేసేది. వాడు రాసిన వంకర గీత ఒక్కటి ఆ పుస్తకంలో ఉన్నా నేను దాచుకునేదాన్ని. మోచేయి దగ్గర ఎంత ఆసరా ఇవ్వాలి, ఎప్పుడు చేయి వదిలెయ్యాలి అన్నది నేర్చుకుంటే వచ్చే పని, జాలి ఒక్కటే ఉంటే రాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ టీచర్లతో ఆగలేదు. సమ్మిళిత విద్యకు, అంటే ఇలాంటి పిల్లలు మిగతా పిల్లలతో కలిసి చదువుకోవడానికి, తోడ్పడే సిబ్బందికి కూడా శిక్షణ ఇవ్వాలంది. 2025లో మన రాష్ట్రం ప్రత్యేక విద్యకు 2,260 టీచర్ పోస్టులు మంజూరు చేసింది, చాలా సంతోషం. కానీ స్పెషల్ టీచర్ ఎంతమందిని చూడాలి? రోజంతా బిడ్డ పక్కన ఉండేది ఆయమ్మే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోనూ అంతే.

తిరుపతిలో ఈ శిక్షణకు ఏం తక్కువ? వికలాంగులకు వైద్యం చేసే టీటీడీ వారి బర్డ్ ఆస్పత్రి ఉంది, స్విమ్స్‌లో ఫిజియోథెరపీ, నర్సింగ్ కాలేజీలు ఉన్నాయి, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. ఇలాంటి పిల్లల సంరక్షకుల కోసం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ రంగంలో శిక్షణను చూసే కేంద్ర సంస్థ) సర్టిఫికెట్ కోర్సు కూడా పెట్టింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లు, విద్యాశాఖాధికారులు కూర్చుని మాట్లాడుకుంటే ఈ వేసవిలోనే మొదటి విడత పెట్టొచ్చు. కొన్నాళ్లు ఆస్పత్రిలో, కొన్నాళ్లు నిజమైన క్లాసులో, అనుభవం ఉన్న టీచర్ పక్కన. శిక్షణ రోజులకు కూలి కట్టివ్వాలి, లేకపోతే వాళ్లు రాలేరు. పూర్తి చేసినవాళ్లకు జీతం పెంచాలి. లేదంటే ఇంతా నేర్చుకున్న మనిషి వేరే పని దొరకగానే వెళ్లిపోతుంది, మా పిల్లలు మళ్లీ కొత్త చేతులకు అలవాటు పడాలి. మా వాడికి ఒక మనిషి అలవాటు కావడానికే రెండు నెలలు పడుతుంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. ఆలోగా శిక్షణ మొదలైతే, అన్నం ఎలా తినిపించాలో, కుర్చీలో ఎలా కూర్చోబెట్టాలో చూపించడానికి మా వాణ్ని తీసుకుని నేనే వస్తాను, ఎన్ని రోజులైనా సరే.

ఇట్లు,
ఒక తల్లి,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి