ఆన్‌లైన్ కోర్సులు సరే, కాలేజీ బాధ్యత ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆన్‌లైన్ కోర్సులు ఇక తప్పవంటున్నారు. నాకూ అభ్యంతరం లేదు. కేంద్రం 2017లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే పాఠాన్ని ఉరవకొండలో కూర్చుని వినడం మా తరం ఊహకైనా అందని సంగతి. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా ఇలా చదువుకోవచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021లో అనుమతించింది. అంతకు ముందు అది 20 శాతమే. నా బాధంతా ఆ పాఠం మా పిల్లలకు అందుతున్న తీరు గురించే.

మా అమ్మాయి అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. ఈ సెమిస్టర్‌లో ఒక కోర్సుకు కాలేజీవాళ్లు రిజిస్టర్ చేయించి, ఇక మీరే చూసుకోండని వదిలేశారు. టైంటేబుల్‌లో దానికి పీరియడ్ లేదు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాక నా ఫోన్‌లోనే పాఠం పెట్టుకుంటుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. రాష్ట్రంలో డిగ్రీని 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియం చేసేశారు కదా, వీడియోలోని ఇంగ్లిష్ వేగాన్ని అందుకోలేక వీడియోను ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ విని నోట్సు రాసుకుంటుంది. డేటా అయిపోతే ఆ రోజుకు పాఠం అంతే. అర్థం కానిది అడుగుదామంటే దగ్గర సారు ఉండరు. అసైన్‌మెంట్ గడువు వస్తోందంటే ఒకటే టెన్షన్. అప్పుడు వాట్సాప్ గ్రూపులో 1-బి, 2-డి, 3-ఎ అంటూ జవాబులు వచ్చి పడతాయి. చాలామంది అవే నొక్కి పంపేస్తారు. పిల్లల్ని తప్పుపట్టలేను, వాళ్లకు చెప్పే దిక్కు లేదు. తీరా చివరి పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాల్సిందే. దానికి ఫీజు కట్టేది మేము, ఫెయిలైతే నష్టపోయేది పిల్లలు.

ఫోన్లు అందరికీ ఉన్నాయి కదా అనొచ్చు. కానీ 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి దేశంలోని పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి 5 కూడా లేవు. అరచేతంత తెర మీద అకౌంట్స్ పట్టికలు ఎంతసేపు చూడగలరు?

నేను కొత్తగా ఏమీ అడగడం లేదు. స్వయం కోర్సు చేసే విద్యార్థులకు దారి చూపేందుకు కాలేజీ ఒక సమన్వయకర్తను నియమించాలని, కంప్యూటర్లు, లైబ్రరీ, ల్యాబ్ వసతిని ఉచితంగా, సరిపడా ఇవ్వాలని 2016 నాటి యూజీసీ నిబంధనల్లోనే ఉంది. కాలేజీలు ఈ కోర్సులను డిగ్రీ లెక్కలో కలిపే క్రెడిట్ల మాట పట్టుకున్నాయి గానీ ఈ మాట ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

శ్రీకృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ అనంతపురం, యోగి వేమన విశ్వవిద్యాలయాల అధికారులు తమ పరిధిలోని కాలేజీలకు దీనిపై గట్టిగా ఉత్తర్వులివ్వాలి. ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ టైంటేబుల్‌లో వారానికి రెండు పీరియడ్లు కేటాయించాలి. ఆ సమయంలో కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంచాలి, సందేహాలు తీర్చడానికి ఒక లెక్చరర్ అక్కడ ఉండాలి. ఆయన పేరు నోటీసు బోర్డులో పెట్టాలి. ఇవి లేని కాలేజీలో వచ్చే సెమిస్టర్ నుంచి ఆన్‌లైన్ కోర్సును తప్పనిసరి చేయకూడదు.

– ఒక విద్యార్థిని తండ్రి, ఉరవకొండ, అనంతపురం జిల్లా