మత్తడి చూడబోయిన బాపు

హన్మకొండ, 9 నవంబర్ 2025

చి. సౌ. స్వప్నకు బాపు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే. పద్మక్క బిడ్డకు సంబంధం కుదిరింది, నిశ్చయం వచ్చే నెలలో. పదకొండు రోజులుగా నీ కాల్ లేదు. పనిలో ఉంటావులే. చింటుగాడితో మాత్రం రోజూ మాట్లాడుతున్నావట. "బాపు అబద్ధం చెప్పిండు, నేను మాట్లాడను" అన్నావని వాడే చెప్పాడు. వాడి మాటలు సగం నమ్మలేం అనుకో.

మీ అత్తమ్మగారిని అడిగినట్టు చెప్పు. టీవీలో వాయుగుండం అనే మాట వినపడగానే డ్రమ్ములు నింపి, అగ్గిపెట్టెలు కవర్లో చుట్టిపెడతారని పెళ్లయిన కొత్తలో చెప్పి నవ్వేదానివి. ఆమె 1977 దివిసీమ ఉప్పెన నాటి మనిషి. పదివేల మందికి పైగా పోయారప్పుడు. మనకేమో తుఫాను అంటే టీవీలో కొబ్బరిచెట్లు ఊగడమే. మన భయమంతా ఎండకే. మే నెలలో అల్లుడు వద్దంటే వినకుండా మిట్టమధ్యాహ్నం వేయిస్తంభాల గుడికి పోయి, రాతి మీద కాలు పెట్టి ఎగిరాడు, గుర్తుందా? నేనిచ్చిన ఉల్లిగడ్డ జేబులో పెట్టుకోవడానికి సిగ్గుపడ్డాడు.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటుతుంటే నీకు ఏడుసార్లు ఫోన్ చేశాను. అమ్మ లెక్కపెట్టింది. "మాకేం కాలేదు బాపూ, రేపు మీ మీదికే వస్తది, బియ్యం పైన పెట్టుకోండి" అన్నావు. తీరం దాటిన తుఫాను కోరలు పీకిన పాము అన్నాను నేను. తెల్లారి పొద్దంతా కురిసింది. మీ దగ్గర నీళ్లొస్తున్నాయంటే జనం పరుగెత్తి పోతారు. మనవాళ్లు చూడ్డానికి పోతారు! చెరువు నిండి మత్తడి దూకితే పంటకు కొదవలేదని చిన్నప్పటి నుంచి విన్న చెవులాయె. 2023 వరదలో మోరంచపల్లి వాళ్లు ఇళ్లపైకి ఎక్కితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అది చూసి కూడా నేనూ రాజన్న మామా గొడుగేసుకుని బొందివాగు దాకా పోయాం. పక్కన మిర్చి బజ్జీల బండి కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చేసరికి బాత్‌రూం తూములోంచి బుడబుడమని శబ్దం. నీళ్లు గుమ్మంలోంచి వస్తాయని చూస్తుంటే కిందినుంచి వచ్చాయి. అరగంటలో మోకాళ్ల లోతు. అమ్మను మంచమెక్కించి, బియ్యం బస్తా భుజాన వేసుకున్నానో లేదో, నీ ఫోన్. "ఏం లేదు బిడ్డా, జల్లు పడుతున్నది" అన్నాను. మంచం మీదినుంచి అమ్మ "కుట్టుమిషన్ మునిగింది" అని అరిచింది. నువ్వు విన్నావని అప్పుడే అనుకున్నాను. పైగా పక్కింటి పిల్లగాడు నా బస్తా వీడియో స్టేటస్‌లో పెట్టాడు. చెబితే రాత్రికి రాత్రే బయలుదేరుతావని భయం. రైళ్లు కూడా ఆగిపోయాయి.

భీమదేవరపల్లిలో ఆ ఒక్కరోజే 40 సెంటీమీటర్లు దాటింది. 20 దాటితేనే అత్యంత భారీ వర్షం లెక్కట. ఇట్లాంటివి వచ్చినప్పుడు కాగితాలు సజ్జ మీద పెట్టాలి, నీళ్లు రాకముందే మెయిన్ ఆపాలి, సెల్లు నిండా చార్జింగ్ ఉండాలి. ఇవన్నీ నువ్వు నాకు చెప్పినవే అంటావేమో. చెప్పావు, నిజమే. అయినా పైలం బిడ్డా, ఈ నెలలోనూ తుఫానులొస్తాయి. రాత్రి పూట బాబును ఎత్తుకుని బాల్కనీలో నిలబడకు. వేలు కాలిందన్నావు, తగ్గిందా? వెన్న రాయకు.

చింతపండు, సకినాల పిండి బస్సులో వేయిస్తాను. నా కళ్లద్దాలు మంచం కింద బురదలో దొరికాయి, ఒక కాడ విరిగింది. ఇక నీ మెసేజ్‌లు చదవగలను. సాయంత్రం ఆరు దాటాక ఇంట్లోనే ఉంటున్నాను. ఫోన్ చార్జింగ్‌లో పెట్టే ఉంటుంది.

నీ బాపు