వేలు చూపించేవాళ్లు ఉండగానే

ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఎండలు ముదిరి శ్రీశైలం జలాశయం తగ్గుతుంటే మా ఇంట్లో ఒకటే మాట: "గుడి తేలిందా?" పేపర్లో ఆ జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి శిఖరం ఫొటో పడగానే నాన్న సంచి సర్దుకుంటాడు.

మాది 1981లో శ్రీశైలం డ్యాం నీళ్ల కిందికి పోయిన ఊరు. అలాంటివి సుమారు వంద ఊళ్లు, దాదాపు లక్ష మంది. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. మా పెద్దవాళ్లకు ఆ అంకె నోటికొచ్చు. ఊళ్లతో పాటే మునిగిన గుడి 2003లో మొదటిసారి బయటపడింది. కొన్నేళ్లు తేలుతుంది, కొన్నేళ్లు అసలు తేలదు.

ఏడు నదులు కలిసేచోట ధర్మరాజు నిలిపాడని చెప్పే వేపదారు లింగం, అంటే వేప కర్ర లింగం, అది. మా జేజి ఆ స్వామికి టెంకాయ కొట్టి, వెంటనే గుడికి వీపు పెట్టి నిలబడేది. వేలు చాపి, "అదో, ఆ గట్టు వారన మన చావిడి. దాని వెనకాల మన దొడ్డి" అనేది. ఎదురుగా బురద, బీటలు, ఆపైన నీళ్లు. ఆమెకు మాత్రం వీధులు కనిపించేవి. ఇప్పుడు జేజి లేదు. నాన్న వేలు చూపిస్తాడు గానీ మధ్యలో తడబడతాడు. నాకైతే ఏ దిక్కో కూడా తెలియదు.

ఇదే ముంపులో ఉన్న మరో గుడి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఆ పనికి దండం పెడతాను. మా స్వామిని ఉన్నచోటే వదిలేశారని పెద్దవాళ్లు చాలా ఏడ్చారు. కానీ ఆయన కదల్లేదు కాబట్టే మా ఊరు ఎటువైపో చెప్పడానికి ఒక గుర్తు మిగిలింది.

అందుకే అడుగుతున్నాను. గుడి తేలే రోజులు నీటి మట్టంతో సహా ముందే ప్రకటించండి. ముసలివాళ్లు బురదలో జారకుండా దారి, లైఫ్ జాకెట్లున్న పడవలు, తాగేనీళ్లు ఏర్పాటు చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, గుడి దగ్గర ఒక రాతి పలక. దాని మీద మునిగిన ఊళ్ల పేర్లు, ఏ ఊరు ఏ దిక్కున ఉండేదో బాణం గుర్తులు. కృష్ణకు అవతల, కొల్లాపూర్ వైపు మునిగిన ఊళ్లు కూడా అందులో ఉండాలి. వాళ్లూ పడవెక్కి ఈ స్వామి దగ్గరికే వస్తారు.

నాన్నకు డెబ్బై ఏళ్లు. ఈసారి గుడి తేలిన రోజున మీ శాఖ నుంచి ఒక్కరిని, కాగితం కలంతో పంపండి. పక్కన నిలబడితే ఆయన చూపిస్తాడు.

ఇట్లు,
ఒక ముంపు ఊరి మనవరాలు